దిక్కు చూసి పరదా

*హోసూరు నుంచి కృష్ణగిరి దాకా కొత్త ఇళ్లు లేస్తున్నాయి. గోడలు తగ్గి అద్దాలు పెరుగుతున్నాయి. ఏ గది కిటికీకి ఏ తెర వేయాలన్నది ఇక రంగుల క్యాటలాగుతో తేలే లెక్క కాదు.*

మే నెల, సాయంత్రం నాలుగున్నర. హోసూరులో బాగలూరు రోడ్డు వైపో, మత్తిగిరి వైపో కొత్తగా లేచిన అపార్ట్‌మెంటులో నాలుగో అంతస్తు. గృహప్రవేశం నాటి మామిడాకులు గుమ్మానికి ఎండిపోయి వేలాడుతున్నాయి. సోఫా మీది ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. పడమటి కిటికీకి మాత్రం పాత పేపర్లు టేపుతో అంటించి ఉన్నాయి. వెనక నుంచి ఎండ కొట్టి వాటిలోని అక్షరాలు తిరగబడి కనిపిస్తున్నాయి. కొలతల టేపు మెడలో వేసుకుని కర్టెన్ల టైలరు వస్తాడు. ఇంటావిడ క్యాటలాగు తెరిచి లేత నీలం మీద పూల డిజైను చూపిస్తుంది. అతని చూపు మాత్రం కిటికీ మీదే ఉంటుంది.

"అక్కా, ఇది యాపక్క జూస్తా ఉండాది?"

"రోడ్డు పక్కకి."

"రోడ్డు గాదక్కా, దిక్కు."

ఇది ఏ ఒక్క ఇంటి ముచ్చటా కాదు. కొత్త ఇంట్లో చేరిన నెలలోపు హోసూరులో చాలా కుటుంబాలకు ఎదురయ్యే ప్రశ్నే. వింత ఏమిటంటే, ఇల్లు కొనేటప్పుడు వాస్తు కోసం దిక్సూచి పట్టుకుని గది గదీ తిరిగినవారే కర్టెన్లు కొనేటప్పుడు దిక్కు సంగతి మరిచిపోతారు. సింహద్వారం తూర్పుకు ఉందా లేదా అని పట్టుబడతారు గానీ, పడకగది కిటికీ ఎటు తెరుచుకుంటుందో గుర్తుండదు. మొదటి వేసవిలో ఎండ గుర్తు చేస్తుంది.

ఒకప్పుడు హోసూరు ఉన్న ఈ మొరసునాట ఈ తలనొప్పి లేదు. మందమైన మట్టిగోడలు, మిద్దె లేదా నాటుపెంకుల కప్పు, చేయి పట్టేంత చిన్న కిటికీ, దానికి కొయ్య తలుపులు, ఇనుప ఊచలు. ఇంట్లో వెలుగు తక్కువ, చల్లదనం ఎక్కువ. తర్వాతి తరం కాంక్రీటు ఇళ్లలో కిటికీ కాస్త పెద్దదైంది. దాని కింది సగానికి స్ప్రింగు తీగ కట్టి ముతక గుడ్డతో సగం పరదా వేసేవారు. వీధిలో పోయేవారి కంట పడకుండా ఉంటే చాలు, పై సగంలోంచి గాలీ వెలుతురూ వచ్చేవి.

1970ల్లో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చాక ఊరి రూపు మారింది. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ కర్మాగారాలు వెలిశాయి. 2004 ఫిబ్రవరిలో ధర్మపురి నుంచి విడిపోయి కృష్ణగిరి జిల్లా అయింది. 2019లో హోసూరు నగరపాలక సంస్థ అయింది. ఓలా స్కూటర్ల ఫ్యాక్టరీ, టాటా ఎలక్ట్రానిక్స్ కూడా ఈ జిల్లాకే వచ్చాయి. 2024 జూన్ 27న హోసూరుకు 2,000 ఎకరాల్లో అంతర్జాతీయ విమానాశ్రయం కడతామని తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ శాసనసభలో ప్రకటించాక ఇళ్ల స్థలాల మాటే ఊరంతా వినిపిస్తోంది. కట్టే ఇళ్లన్నీ బెంగళూరు నమూనావే. గోడ నిండా అద్దం, జరిపే యూపీవీసీ తలుపులు, బాల్కనీకి నేల దాకా గాజు.

యాభై కిలోమీటర్లు, రెండు వాతావరణాలు

హోసూరు నుంచి కృష్ణగిరికి జాతీయ రహదారి 44 మీద యాభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. శూళగిరి దాటాక రోడ్డు దిగుతూ పోతుంది. హోసూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంటే, కృష్ణగిరి 500 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. కిలోమీటరు ఎత్తు పెరిగితే గాలి సుమారు ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుందన్న లెక్కన చూస్తే, ఎత్తు తేడా ఒక్కటే రెండు ఊళ్ల మధ్య రెండున్నర డిగ్రీల తేడా తెస్తుంది. దానికి తోడు కృష్ణగిరి చుట్టూ బండరాతి గుట్టలు. పగలంతా కాలిన బండ రాత్రి ఆ వేడిని మెల్లగా వదులుతుంది.

అందుకే రెండు ఊళ్లలో కిటికీ చేసే పని వేరు. హోసూరులో సాయంత్రం ఆరు దాటితే కిటికీ తెరవాలనిపిస్తుంది, రాత్రి గాలే ఏసీ. అక్కడ తెర వెలుగును ఆపాలి, గాలిని ఆపకూడదు. కృష్ణగిరిలో మార్చి నుంచి జూన్ దాకా పగలు కిటికీ తెరిస్తే లోపలికి వచ్చేది వడగాలే. అక్కడ ఎండ అద్దాన్ని తాకక ముందే ఆపాలి. ఒకే జిల్లా, ఒకే అంగడి, ఒకే క్యాటలాగు. హోసూరు అక్క ఇంట్లో చూసి ముచ్చటపడి కృష్ణగిరి చెల్లెలు అవే పల్చటి తెల్ల పరదాలు కుట్టించుకుంటే వేసవిలో చిక్కే.

హోసూరు చల్లదనం మీద భరోసా కూడా మునుపటిలా లేదు. 2024 ఏప్రిల్ 28న పక్కనున్న బెంగళూరులో 38.5 డిగ్రీలు నమోదైంది. ఆ నగరంలో అత్యధిక వేడి 2016 ఏప్రిల్‌లో నమోదైన 39.2 డిగ్రీలు. ఫ్యాను కూడా అక్కర్లేదనుకున్న హోసూరు పాత ఇళ్లలోనూ 2024 వేసవిలో ఏసీ మాట వచ్చింది.

సూర్యుడు ఉత్తరానికి మళ్లే నాలుగు నెలలు

ఉత్తరపు కిటికీలోకి ఎండ రాదని చాలామంది నమ్మకం. ఢిల్లీ లెక్కలో అది దాదాపు నిజం. హోసూరు 12.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ నాలుగో వారంలో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ రెంటి మధ్య నాలుగు నెలలూ మధ్యాహ్నపు సూర్యుడు ఈ ఊరికి ఉత్తరం వైపే ఉంటాడు. అంటే మండు వేసవిలో ఉత్తరపు గోడ మీదే ఎండ, దక్షిణపు గోడకు నీడ.

అయినా ఉత్తర, దక్షిణ కిటికీలతో పేచీ తక్కువ. మధ్యాహ్నం సూర్యుడు ఎత్తున ఉంటాడు కాబట్టి కిటికీ మీది సజ్జే పని పూర్తి చేస్తుంది. జూన్‌లో రెండడుగుల సజ్జ పదడుగుల పొడవున నీడ వేయగలదు. డిసెంబరులో సూర్యుడు దక్షిణాన 54 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అదే సజ్జ రెండున్నర అడుగులకు కాస్త పైన నీడ వేసి, మిగతా కింది భాగంలోంచి ఎండను లోపలికి వదులుతుంది. హోసూరు మంచుపొద్దుల్లో అది వరమే.

అసలు చిక్కు పడమర. మే నెల సాయంత్రం అయిదింటికి సూర్యుడు దిగంతానికి 22 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. రెండడుగుల సజ్జ వేసే నీడ పది అంగుళాలే. మిగతా కిటికీ అంతా ఎండకు బార్లా తెరుచుకున్నట్టే. అప్పటికే మధ్యాహ్నమంతా గోడలు కాగి ఉంటాయి. అదే ఎత్తులో తూర్పు ఎండ పొద్దున్నే వచ్చినా, రాత్రి చల్లబడిన గది దాన్ని తట్టుకుంటుంది. ఇంట్లో ఒక్క కిటికీ మీదే డబ్బు పెట్టగలిగితే ఆ కిటికీ పడమటిదే కావాలి.

> ఏ దిక్కుకు ఏ తెర
>
> తూర్పు: ఉదయం రెండు మూడు గంటల ఎండ. మధ్యరకం నూలు పరదా చాలు. పొద్దెక్కేదాకా నిద్రపోయేవారి గదికైతే లైనింగు వేయాలి.
>
> ఉత్తరం: ఏడాదిలో ఎక్కువ కాలం మెత్తని వెలుగు. పల్చటి తెర, లేదా రోలర్ బ్లైండు. సజ్జ లేకపోతే మే, జూన్ నెలల్లో మరో పొర కావాలి.
>
> దక్షిణం: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎండ. పక్కకు పూర్తిగా జరిగిపోయే పరదా మేలు.
>
> పడమర: ముందు బయట నీడ, తర్వాతే లోపల పరదా. లోపలి పరదా వెనక తెల్లని లైనింగు తప్పనిసరి.

తెర లోపలుంటే సగం పనే

పరదా ఎంత మందంగా ఉన్నా దానికో పరిమితి ఉంది. ఎండ అద్దం దాటి వచ్చి పరదాను తాకుతుంది. పరదా వేడెక్కి ఆ వేడిని గదిలోకే వదులుతుంది. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారులో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. అందుకే పరదా రంగు కన్నా దాని వీపు రంగు ముఖ్యం. అద్దం వైపు తెల్లగా ఉంటే కొంత ఎండ వచ్చిన దారినే తిరిగి బయటికి పోతుంది. వెనక తెల్లని ప్లాస్టిక్ పూత ఉన్న మధ్యరకం రంగు పరదాలు లోపలికి వచ్చే వేడిని 33 శాతం దాకా తగ్గిస్తాయని అమెరికా ఇంధన శాఖ చెబుతోంది. ఎండను బాగా తిప్పికొట్టే బ్లైండ్లను పూర్తిగా మూస్తే ఆ తగ్గుదల సుమారు 45 శాతం. ఏ లెక్క చూసినా సగం పైన వేడి లోపలికి వస్తూనే ఉంటుంది.

బయట కట్టిన తెరకు ఆ చిక్కు లేదు. అది వేడెక్కినా ఆ వేడి వీధి గాలిలో కలిసిపోతుంది. మన పెద్దలు వరండాకు వెదురు తడికలు కట్టి, వట్టివేళ్ల చాపలు వేలాడదీసి నీళ్లు చల్లింది ఈ కారణంగానే. కృష్ణగిరిలో పడమటి బాల్కనీలకు పైకి చుట్టే వెదురు తెరలు కట్టుకుంటే సాయంత్రాలు కాస్త ఊపిరాడుతుంది. వానకు తడిసి బూజు పట్టకుండా ఏటా ఒకసారి వార్నిష్ పూయాలి, తాళ్లు చూసుకోవాలి. అపార్ట్‌మెంటు సంఘాలు ఒక్కోసారి బయటి తెరలకు ఒప్పుకోవు, ముఖద్వారం వైపు అందం చెడుతుందంటాయి. అందరూ ఒకే రంగు తెర కట్టుకుంటామని సమావేశంలో తీర్మానం చేయిస్తే ఆ అభ్యంతరం చాలావరకు తీరుతుంది.

కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ 2018లో తెచ్చిన 'ఎకో నివాస్ సంహిత' ఇళ్లకు గోడలు, కిటికీలు ఎలా ఉండాలో చెబుతుంది. బెంగళూరులాంటి సమశీతల ప్రాంతాల్లో తెరవగలిగే కిటికీ వైశాల్యం నేల వైశాల్యంలో కనీసం 12.5 శాతం ఉండాలన్నది అందులో ఒక నియమం. ఇక్కడ 'తెరవగలిగే' అన్న షరతే కీలకం. రెండు పలకల జారుడు కిటికీలో ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది. ఆరడుగుల కిటికీ కొని మూడడుగుల గాలి తెచ్చుకున్నట్టు. దాని మీద మందపాటి పరదా కూడా వేస్తే ఆ మూడడుగులూ పోతాయి. అందుకే రాడ్డును కిటికీ కంటే రెండు పక్కలా ఆరేసి ఎనిమిదేసి అంగుళాలు పొడవు తీసుకుంటారు. పరదా జరిపినప్పుడు అది గోడ మీదకు పోవాలి, అద్దం మీద కుప్పగా ఉండకూడదు.

హాలు: పగటికి ఒకటి, రాత్రికి ఒకటి

హాలు నలుగురూ చూసే చోటు. క్యాటలాగులో ముందు ఎంపికయ్యేది దాని పరదాయే. ఇక్కడ ఎక్కువమంది పొరపడేది షీర్ అనే పల్చటి బట్ట దగ్గర. పగలు బయట వెలుగు ఎక్కువ కాబట్టి లోపలివాళ్లకు వీధి కనిపిస్తుంది, వీధిలోవాళ్లకు లోపల కనిపించదు. దీపాలు పెట్టగానే అది తిరగబడుతుంది. ఎదురు బాల్కనీలో కూర్చున్నవారికి ఇంట్లో టీవీలో ఏ సీరియల్ వస్తోందో కూడా తెలుస్తుంది. అందుకే రెండు రాడ్లు కావాలి. లోపలి దానికి మందపాటిది, అద్దం వైపు దానికి పల్చనిది.

రహదారి పక్కన ఇల్లున్నవారు మోత తగ్గుతుందని బరువైన వెల్వెట్ పరదాలు అడుగుతుంటారు. అవి గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తాయి గానీ లారీ హారన్‌ను ఆపలేవు. మోత వచ్చేది కిటికీ చట్రం చుట్టూ ఉన్న సందుల్లోంచి, పల్చటి అద్దంలోంచి. రబ్బరు సీలు మార్పించడం వెల్వెట్ కంటే చవక. పైగా వెల్వెట్ రోడ్డు దుమ్మును పట్టి ఉంచుతుంది. ఇంట్లో ఆయాసం ఉన్నవారుంటే వాక్యూమ్ చేయదగ్గ నున్నని బట్టో, తడిగుడ్డతో తుడవదగ్గ బ్లైండ్లో మంచివి.

పగలు నిద్రపోయే పడకగది

హోసూరుకే ప్రత్యేకమైన గిరాకీ ఒకటుంది. సిప్‌కాట్ కర్మాగారాలు మూడు షిఫ్టులు నడుస్తాయి. రాత్రి డ్యూటీ దిగి పొద్దున్న ఇంటికి చేరి తొమ్మిదింటికి కన్ను మూసే భర్తలు, ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో రాత్రి పని చేసి హాస్టలు గదిలో పగలు పడుకునే అమ్మాయిలు ఈ ఊళ్లో ఎందరో. ఇలాంటివారికి పరదా అలంకారం కాదు, నిద్ర. కంటి మీద వెలుగు పడితే నిద్రను తెచ్చే మెలటోనిన్ అనే హార్మోను శరీరంలో తగ్గిపోతుంది. కళ్లు మూసుకున్నా రెప్పల్లోంచి వెలుగు దూరుతుంది.

అంగట్లో 'బ్లాకౌట్' పేరుతో రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి మధ్యలో నల్లదారం పెట్టి నేసిన పాలిస్టర్. మెత్తగా జారుతుంది, ఇంట్లో మెషీన్లో ఉతకవచ్చు. చీకటి నూటికి నూరు పాళ్లు రాదు. రెండోది వెనక పూత పూసినది. తెలుపు, నలుపు, మళ్లీ తెలుపు, ఇలా మూడు పూతలుంటే వెలుగు దాదాపు రాదు. దీన్ని గట్టిగా పిండినా, మడతపెట్టి ఇస్త్రీ చేసినా పూత పగిలి చుక్కలు చుక్కలుగా ఎండ కనిపిస్తుంది. కొనేముందు ఫోను టార్చి వెనక పెట్టి చూస్తే ఏది ఏదో అంగట్లోనే తేలిపోతుంది.

ఎంత మంచి బట్టయినా వెలుగు అంచుల్లోంచి వస్తుంది. రాడ్డు పైనుంచి, పక్కల నుంచి, రెండు పలకలు కలిసే చోటి నుంచి. అందుకే ఇలాంటి గదిలో రాడ్డు చివరలు గోడ వైపు వంగి ఉండే రకం తీసుకుని, పైన రాడ్డును కప్పే పెల్మెట్ పెట్టి, పరదాలు నాలుగు అంగుళాలు ఒకదాని మీదొకటి పడేలా కుట్టించుకోవాలి. సెలవురోజున, రాత్రివేళ వాటిని పూర్తిగా తెరిచి హోసూరు చల్లగాలిని గదిలోకి రానివ్వాలి. లేకపోతే పగటి వేడి, మనుషుల ఆవిరి గదిలోనే నిలిచి ముక్కవాసన వస్తుంది.

> నాలుగడుగుల కిటికీకి బట్ట లెక్క
>
> కిటికీ 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు అనుకుందాం. రెండు పక్కలా అరడుగు చొప్పున కలిపితే రాడ్డు 5 అడుగులు. కిటికీకి పైన అరడుగు, కింద అరడుగు కలిపితే పరదా పొడవు 5 అడుగులు. పై పట్టీకి, కింది మడతకు, కుంచించుకుపోవడానికి మరో అడుగు కలిపితే ఒక్కో పలకకు 6 అడుగులు.
>
> 54 అంగుళాల పన్నా బట్టతో రెండు పలకలకు 12 అడుగులు, అంటే సుమారు 4 మీటర్లు. పల్చటి షీర్ బట్టకు కుచ్చు ఎక్కువ కావాలి కాబట్టి మూడు పలకలు, అయిదున్నర మీటర్లు.
>
> నూలు బట్టను కుట్టకముందే ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. రింగులు సరిసంఖ్యలో ఉంటేనే రెండు అంచులూ గోడ వైపు తిరుగుతాయి.

వంటిల్లు, పూజగది, స్నానాలగది

వంటింట్లో పొయ్యి పక్క కిటికీకి గుడ్డ పరదా వేయకపోవడమే క్షేమం. నూలు అంటుకుంటే భగ్గుమంటుంది. పాలిస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. తాలింపు ఆవిరి, నూనె జిడ్డు ఏ బట్టకైనా నెలలో పడతాయి. తుడిస్తే పోయే అల్యూమినియం బ్లైండు, లేదా సింకు వైపు కిటికీకి కింది సగం మాత్రం కప్పే పాతకాలపు చిన్న పరదా చాలు. అది వారానికోసారి విప్పి ఉతుక్కునేంత చిన్నదిగా ఉండాలి.

పూజగదికి తలుపు లేని ఫ్లాట్లలో చాలామంది గుమ్మానికి పరదా కడతారు. దీపం వెలిగేవేళ అది గాలికి ఎగరకుండా పక్కకు కట్టేసే పట్టీ, కింది అంచులో సన్నని బరువు గొలుసు ఉండాలి. స్నానాలగది వెంటిలేటరుకు పరదా పని లేదు. మసక అద్దం, గాజు పలకలు చాలు. తడి ఎప్పుడూ ఉండేచోట గుడ్డ వేస్తే మూడు నెలల్లో నల్లమచ్చలు వస్తాయి.

చదువుకునే పిల్లల గదిలో, బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ కంపెనీలకు ఇంటి నుంచి పనిచేసేవారి గదిలో కావలసింది చీకటి కాదు, కంట్లో కొట్టని వెలుగు. వెడల్పు పట్టీలు ఒకదానిపై ఒకటి జరిగే జీబ్రా బ్లైండ్లు ఇక్కడ పనికొస్తాయి. అంతకంటే ముందు బల్లను కిటికీకి పక్కవాటంగా తిప్పాలి. కంప్యూటరు తెర కిటికీకి ఎదురుగా ఉన్నా, కిటికీ కంప్యూటరు వెనక ఉన్నా ఏ బ్లైండూ కంటి శ్రమను పూర్తిగా తీర్చదు.

పట్టుపురుగుల ఇంటి కిటికీ

ఈ జిల్లాలో కిటికీ తెరల సంగతి బాగా ఎరిగినవారు పట్టు రైతులు. హోసూరు, దేన్‌కనికోట, తళి చుట్టుపక్కల మల్బరీ తోటలు విస్తారం. కేంద్ర పట్టు మండలి పట్టుపురుగుల, మల్బరీ రకాల జన్యు సంపదను కాపాడే కేంద్రాన్ని హోసూరులోనే నడుపుతోంది. పట్టుపురుగు పెరగాలంటే గదిలో 24 నుంచి 28 డిగ్రీల వేడి, 70 నుంచి 85 శాతం తేమ ఉండాలి. గాలి ఆడాలి, ఈగ రాకూడదు. 1980లో కర్ణాటకలోకి వచ్చి పడ్డ ఉజి ఈగ పురుగు మీద గుడ్లు పెట్టి పంటను నాశనం చేస్తుంది. దాంతో పురుగుల మనెకు, అంటే అవి పెరిగే ఇంటికి, కిటికీలన్నిటికీ నైలాన్ వల కొట్టడం తప్పనిసరైంది. ఎండలు ముదిరితే అదే కిటికీకి తడిపిన గోనెపట్టాలు వేలాడదీస్తారు. వల ఈగను ఆపుతుంది, గోనెపట్టా వేడిని ఆపుతుంది, గాలి మాత్రం రెంటిలోంచీ వస్తుంది.

మనుషుల ఇళ్లకూ అదే సూత్రం. దోమతెర లేని కిటికీకి ఎంత ఖరీదైన పరదా వేసినా సాయంత్రం అయ్యేసరికి మూసేయక తప్పదు. డెంగీ దోమ పగలే కుడుతుంది కాబట్టి వల పగలూ ఉండాలి. కొత్తగా కిటికీ చేయించేవారు మూడు ట్రాకుల యూపీవీసీ చట్రం అడిగితే రెండు అద్దాలకు, ఒకటి వలకు సరిపోతాయి. ట్రాకుల్లో దుమ్ము పేరుకుంటే అవి జరగవు. వారానికోసారి పాత టూత్‌బ్రష్‌తో ఊడ్చుకోవాలి.

హోసూరు గులాబీల పాలీహౌస్‌ల నుంచి ఇళ్లకు వచ్చిన తెర మరొకటుంది, షేడ్‌నెట్. ఎంత ఎండను ఆపుతుందో దాన్నిబట్టి 35, 50, 75, 90 శాతం రకాలుగా అమ్ముతారు. బాల్కనీలో పూలకుండీలు ఉన్నవారికి 50 శాతం వల మొక్కకూ సరిపోతుంది, వెనకున్న అద్దానికీ నీడ ఇస్తుంది. 90 శాతం వల కడితే మొక్కలు పూయవు, గది పగలే దీపం అడుగుతుంది.

బట్ట ఎక్కడి నుంచి వస్తుంది

పరదా బట్టకు ఈ ప్రాంతం వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. పరుపు గుడ్డలు, బల్ల గుడ్డలు, పరదాలు నేసి ప్రపంచమంతటికీ పంపే కరూరు ఇదే రాష్ట్రంలో ఉంది. ఈరోడు బట్టల సంత కూడా దగ్గరే. మగ్గం మీద నేసిన ముతక నూలు పరదాలు పాలిస్టర్‌లా నిగనిగలాడవు గానీ గాలిని వదులుతాయి. హోసూరు రాత్రులకు అంతకంటే తగినది లేదు. వాటిని మొదటి రెండు మూడుసార్లు విడిగా ఉతకాలి.

తెలుగు ఇళ్లలో కలంకారీ, ఇక్కత్ పరదాల మీద మక్కువ ఎక్కువ. పెడన నుంచి వచ్చే కలంకారీ బట్టను పడమటి కిటికీకి నేరుగా వేస్తే రెండు వేసవుల్లో ఎర్రటి పూలు ఇటుక రంగుకు దిగుతాయి. సహజ రంగులు ఎండకు ఓర్చవు. వెనక తెల్లని లైనింగు కుట్టిస్తే చాలాకాలం నిలుస్తాయి, లేదా ఉత్తరపు గదికి మార్చుకోవాలి. పట్టు పరదాల సంగతి మరీ కష్టం. ఎండకు పట్టుదారం పెళుసెక్కి మడతల దగ్గర చీలిపోతుంది. పట్టు పండే సీమలోనే పట్టును కిటికీకి కట్టకూడదన్నమాట.

అమ్మమ్మల నూలు చీరలకు ఇక్కడ మంచి స్థానం ఉంది. అయిదున్నర మీటర్ల చీరను మధ్యకు కోసి పలకలుగా కుడితే ఒక కిటికీకి సరిపడా పరదా వస్తుంది. అంచు కింద పడేలా కుట్టించేవారు కొందరు, నిలువుగా పక్కకు వచ్చేలా కుట్టించేవారు కొందరు. ఎన్నో ఉతుకులు చూసిన బట్ట కాబట్టి కుంచించుకుపోయే భయం లేదు.

> చిన్నపిల్లలున్న ఇంట్లో
>
> బ్లైండ్లను పైకి లాగే తాడు, పూసల గొలుసు పసివాళ్ల మెడకు ఉరిలా పడే ప్రమాదం ఉంది. అమెరికాలో కిటికీ తెరల తాళ్లు చుట్టుకుని ఏటా అయిదేళ్లలోపు పిల్లలు సుమారు తొమ్మిది మంది చనిపోతున్నారని అక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ చెబుతోంది. ఆ దేశంలో 2024 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన ప్రమాణాల ప్రకారం ఎక్కువ రకాల తెరలకు వేలాడే తాళ్లు ఉండకూడదు.
>
> మన అంగళ్లలో తాళ్ల రకాలే ఎక్కువ. కొంటే గొలుసును గోడకు బిగించే క్లిప్పు అడిగి పెట్టించుకోవాలి. ఊయల, మంచం, కుర్చీ కిటికీకి దూరంగా ఉండాలి.

అద్దె ఇంట్లో ఉంటే

హోసూరులో ఉద్యోగానికి వచ్చినవారిలో చాలామంది అద్దె ఇళ్లలోనే ఉంటారు. రెండు మూడేళ్లకో ఇల్లు మారుతుంది. గోడకు రంధ్రం పెట్టనివ్వని ఇంటి యజమానులూ ఉంటారు. కిటికీ గూడు లోపల స్ప్రింగు బలంతో నిలిచే రాడ్లు ఇలాంటి చోట పనికొస్తాయి. పల్చటి పరదాలకే ఇవి ఆగుతాయి, బరువైన బ్లాకౌట్ వేస్తే అర్ధరాత్రి ఊడిపడతాయి. పడమటి అద్దానికి రెండు నెలల వేసవి కోసం, తర్వాత తీసేయగలిగే తెల్లని ఫోమ్ షీటు కోసి బిగించుకునేవారూ ఉన్నారు. చూపుకు అందం లేకపోయినా, పేపర్లు అంటించడం కంటే చాలా మెరుగ్గా పనిచేస్తుంది.

రెడీమేడ్ పరదాలు సాధారణంగా మూడు పొడవుల్లో దొరుకుతాయి. కిటికీకి 5 అడుగులు, తలుపుకు 7 అడుగులు, ఎత్తు తలుపులకు 9 అడుగులు. ఇల్లు మారే కుటుంబాలు కిటికీలకు కూడా 7 అడుగుల రకం కొని, కింద రెండడుగుల మడత పెట్టి చేత్తో పొడవు కుట్లు వేయించుకుంటే, తర్వాతి ఇంట్లో కిటికీ పెద్దదైనా కుట్టు విప్పి వాడుకోవచ్చు. అన్ని గదులకూ ఒకే రంగు తీసుకుంటే కొత్త ఇంట్లో హాలు పరదా పడకగదికి పోయినా తేడా తెలియదు. రంగు బట్టకు వెనక కుట్టే తెల్ల లైనింగును విడి ముక్కగా, రింగులతో తగిలించేలా చేయించుకుంటే, కృష్ణగిరికి బదిలీ అయినప్పుడు తగిలించి, హోసూరుకు తిరిగి వచ్చినప్పుడు తీసేయవచ్చు.

ఇక రాడ్లు, బ్రాకెట్లు. ఇల్లు ఖాళీ చేసే రోజున అవి ఎవరివన్న మాట తప్పక వస్తుంది. తీస్తే గోడ పెచ్చులూడాయని యజమాని అడ్వాన్సులో కోత పెడతాడు, వదిలేస్తే కొత్త ఇంట్లో మళ్లీ కొనాలి. అద్దె ఒప్పందం రాసుకునేటప్పుడే రాడ్లను కిరాయిదారు వదిలి వెళ్తే వాటి సగం ధర యజమాని ఇస్తాడని ఒక వాక్యం చేర్చుకున్నవాళ్లకు మాత్రం అయిదు గదుల ఇనుప సామాను విప్పి టెంపో ఎక్కించే పని తప్పుతుంది.